దాటేసిన మాటలు

అమలాపురం బస్టాండులో కాట్రేనికోన బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక కూడా కనకరత్నం ఒళ్లో సంచిని వదల్లేదు. సంచిలో ముప్పై ఒక్క కాగితాలున్నాయి. నిన్న సాయంత్రం తన నెట్ సెంటరు మూసే ముందు తనే ప్రింటు తీసింది. తీస్తున్నంతసేపూ ప్రింటరు వైపు చూడకుండా గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ నిలబడింది. బస్సు గంటకి కాస్త అటూ ఇటూగా కాట్రేనికోన చేరుస్తుంది. అక్కడ దిగి రొయ్యల చెరువుల పక్క దారిన నాలుగడుగులు వేస్తే సత్తిబాబు ఇల్లు. సత్తిబాబు ఎల్లుండి మళ్లీ కువైట్ వెళ్లిపోతున్నాడు. అతను వెళ్లేలోగా ఈ ముప్పై ఒక్క కాగితాలూ అతనికి చదివి వినిపించాలి. అతనికి చదువు రాదు. రెండు నెలల కిందట ఇవే కాగితాల్లోని మాటల్ని కంప్యూటరు మీద చూస్తూ ఆమే అతనికి చదివి వినిపించింది, కానీ మధ్యలో కొన్ని మాటలు దాటేసింది. ఆ దాటేసిన మాటల మూలంగా ఆ తండ్రి రెండు నెలలుగా కన్నకూతురితో ఒక్క మాట మాట్లాడలేదు. పదహారేళ్ల పిల్ల కాలేజీ మానేసి ఇంట్లో మూలగదిలో కూర్చుంది. ఈ సంగతి తెలిసిన మనిషి లోకంలో తనొక్కతే, ఆ తనకి కూడా నిన్నటిదాకా పూర్తిగా తెలీలేదు.

బస్సు కదిలింది. భట్నవిల్లి దగ్గర రోడ్డువారన కొబ్బరి డొక్కలు గుట్టలుగా పోసి ఉన్నాయి, వానకి నానిన పీచు వాసన కిటికీలోంచి గుప్పున వచ్చింది, ఆ వాసనతో పాటే ఆమె తండ్రి జగ్గయ్య వచ్చి పక్కన కూర్చున్నట్టయింది. ఊళ్లో ఆయన నడిపే చిన్న పోస్టాఫీసు వాళ్ల ముందుగదిలోనే ఉండేది, గది పక్క పెరట్లోనే కొబ్బరికాయలు ఒలిచేవారు, అందుకని ఆమె చిన్నతనంలో ప్రతి ఉత్తరానికీ ఆ తడిపీచు వాసనే. మస్కట్ నుంచి, కువైట్ నుంచి, దుబాయ్ నుంచి నీలం అంచు కవర్లు వచ్చేవి, వాటి వెనకే ఆడవాళ్లు వచ్చేవారు, చేతులు కడుక్కుని, జుట్టు సర్దుకుని, గుడికొచ్చినంత శుభ్రంగా. జగ్గయ్య చదివేవాడు. కళ్లకి పొరలొచ్చాక కూతురి చేత చదివించేవాడు. పన్నెండేళ్ల పిల్లకి ఆయన రెండే సంగతులు నేర్పేడు. చదివింది చదివినచోటే మర్చిపోవాలి, రోడ్డు మీద ఆవిడ ఎదురైతే ఉత్తరం సంగతి నీకు తెలిసినట్టే ఉండకూడదు. రెండోది, కటువైన మాట వస్తే కొంచెం చూసి మింగెయ్యాలి. రాసినవాడి కోపం ఈ ఉత్తరం సముద్రం దాటి వచ్చేసరికే చల్లారిపోయి ఉంటుంది, దాన్ని మళ్లీ నువ్వెందుకమ్మా రాజెయ్యడం అనేవాడు. ఎంత మంచి మనిషి. ఆయన మంచితనమే తన చేత ఈ పని చేయించింది అనుకుంటే ఆమెకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చేయి, ఎవరి మీద కోపమో తెలీలేదు.

మింగెయ్యడంలో ఆమె తండ్రిని మించిపోయింది. కన్ను ఒక వరుస చదువుతుంటే నోరు ఇంకొకటి పలికేది, మధ్యలో తడబాటుండదు, గొంతు మారదు. పదేళ్ల కిందటి తుఫాను తర్వాత పుట్టింటివాళ్లని చూడ్డానికి వెళ్లి నెల్లాళ్లు ఉండిపోయినప్పుడు, సత్తిబాబు పెళ్లాం నూకాలమ్మ ఒకరోజు ఆరేళ్ల పిల్లని చంకనేసుకుని వచ్చింది. సత్తిబాబు ఊళ్లో కొబ్బరిచెట్లెక్కి దింపు తీసేవాడు, అక్కడికెళ్లీ ఖర్జూరపు చెట్లే ఎక్కుతున్నాడు, అప్పటికి వెళ్లి నాలుగు నెలలు. అతని తల్లి గోడ కింద పడి పోయిందని రాయమంది నూకాలమ్మ, ఏడుస్తూ. కనకరత్నమే వద్దంది. అంతదూరంలో చెట్టు మీద ఉన్నవాడికి ఈ మాట వినిపించి ఏం లాభం, రావడానికి వీల్లేదు కదా, వచ్చాక చెబుదాం అంది. ఉత్తరంలో కొన్ని కొబ్బరిచెట్లు పడ్డాయని రాసింది, అమ్మ కులాసాగా ఉందని రాసింది. అతను జవాబు రాయించేడు, అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందని. ఈవిడ రాసింది, తగ్గిందట, నువ్వు వేళకి తినమంటోందట. తను అత్తింటికి తిరిగొచ్చేక కూడా నూకాలమ్మ వచ్చి రాయించుకునేది. ఆర్నెల్లు. చచ్చిపోయిన మనిషి చేత ఆర్నెల్లు మాట్లాడించింది, చివరికి ఆ ముసలావిడ ఏమంటుందో ఆలోచించుకోనక్కర్లేకుండానే కలం కదిలేది. సత్తిబాబు ఎండాకాలంలో వచ్చి, సంగతి తెలిసి, రెండ్రోజులు ఏడ్చి, మూడోరోజు ఆమె దగ్గరికొచ్చి రెండు చేతులూ జోడించేడు. అప్పుడే తెలిస్తే ఆ చెట్టు మీంచి దూకేసేవాణ్ణండి, మీరు నన్ను బతికించేరండి అన్నాడు. ఆ నమస్కారం ఆమెని పాడుచేసింది. ఇవాళ ఆ సంగతి ఒప్పుకోడానికి ఆమెకి సిగ్గు లేదు.

బస్సులో ముందు సీట్లో ఇద్దరు కాలేజీ పిల్లలు ఒకే సెల్‌ఫోను మీద తలలు ఆనించి నవ్వుకుంటున్నారు. బొటనవేలు టకటకమని కొడుతోంది. ఆ చప్పుడు వింటే చాలు కనకరత్నానికి వీపు మీద చెమట పడుతుంది, ఎందుకంటే అలాంటి చప్పుడే తన నెట్ సెంటరు మూడో క్యాబిన్‌లోంచి వినపడేది, ఆగి ఆగి. మిగిలినవాళ్లు కొట్టే చప్పుడుకీ సత్తిబాబు కూతురు శిరీష కొట్టే చప్పుడుకీ తేడా ఉండేది. ముందు నెలల్లో వానచినుకుల్లా గబగబా పడేవి. తర్వాత తర్వాత ఒక మాట కొట్టి చాలాసేపు ఊరుకునేది, మళ్లీ ఒక మాట. క్యాబిన్లకి ఆకుపచ్చ పరదాలు తనే కుట్టింది, సొంత మిషను మీద. గల్ఫ్‌లో ఉన్న మొగుళ్లతో మాట్లాడుకునే ఆడవాళ్లకి కాస్త మరుగుండాలని. పరదా అవతల ఎవరేం చేస్తున్నారో తను చూడకూడదు, అది తండ్రి నేర్పిన మర్యాద. భర్త భీమరాజు కరెంటు సామాన్ల షాపు పైగదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టినప్పుడు, ఆ మర్యాదని కూడా సామానుతో పాటు మేడెక్కించింది. ఇప్పుడు పరదాలు లేవు. కంప్యూటర్ల మొహాలన్నీ గుమ్మం వైపు తిప్పించింది. చిన్నపిల్లలొస్తే పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటోంది. ఇదంతా ఎవరికి కావాలి, పిల్ల మూలగదిలోకి వెళ్లిపోయాక.

శుక్రవారం కువైట్‌లో సెలవు. సాయంత్రం నాలుగున్నరకి శిరీష కాలేజీ నుంచి సరాసరి వచ్చేది, ఇంటర్ మొదటి సంవత్సరం అప్పుడు, జడ ముందుకేసుకుని, అత్తా ఖాళీ ఉందా అనేది. తండ్రితో రాసుకుని మాట్లాడుకునే చాటింగుకి మెయిలు కనకరత్నమే తయారుచేసిపెట్టింది. అవతల సత్తిబాబుకి టైపు చెయ్యడం ఎలాగూ రాదు, గదిలో ఒకడు రాసిపెట్టేవాడు. అందులో వింతేముంది. గల్ఫ్‌లో మనవాళ్లుండే ప్రతి గదికీ రాసిపెట్టేవాడు ఒకడు ఎప్పుడూ ఉన్నాడు. ఉత్తరాల కాలంలో కూడా అడుగున తన పేరు వేసుకుని, ఈ ఉత్తరం రాసిపెట్టిన నా నమస్కారములు కూడా అందరికీ తెలియజేయవలెను అని ఒక వరుస రాసుకునేవాడు. ఇక్కణ్ణుంచి జవాబు రాయించేవాళ్లు అతనికీ నమస్కారం రాయించేవారు, పండక్కి వచ్చినవాళ్ల చేత అతనికీ ఇన్ని జంతికలు పంపేవారు. మొహం చూడని మనిషి ఇంటిమనిషయ్యేవాడు. ఎవరికీ ఏ చెడూ జరగలేదు, కనీసం ఎవరూ చెప్పలేదు. వీడూ అలాగే మొదటిరోజు అడుగున రాసేడు, నేను రాసిపెట్టే బాబాయిని తల్లీ, నా ఆశీస్సులు అని. శిరీష ఇంటికెళ్లి చెబితే నూకాలమ్మ సంతోషించి, బాబాయిక్కూడా నమస్కారం పెట్టవే, మర్యాద కాదూ అంది. అదీ వాడొచ్చిన దారి. తాళం పగలగొట్టి రాలేదు, తలుపు తీసి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చేరు.

మొదట ఒక శుక్రవారం మీ నాన్న నిద్రపోతున్నాడు, నేను పలకరిద్దామని వచ్చేనన్నాడు. తర్వాత మంగళవారాలూ చాటింగులోకి వచ్చేడు. చదువు సంగతి అడిగేడు, లెక్కలు చెప్పేడు, మీ నాన్నకి చెప్పకు, నేర్చుకున్నాక ఆశ్చర్యపోతాడు అన్నాడు. ఈ మాటలన్నీ ఇప్పుడు సంచిలో ఉన్నాయి, తారీఖులతో సహా. ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఏ తప్పూ లేదు, ఎవరి బాబాయైనా అనే మాటలే. తర్వాత ఫొటో అడిగేడు. ఓణీ వేసుకుని కొబ్బరితోటలో తీయించుకున్న ఫొటో పట్టుకొచ్చి శిరీష, నాన్న అడిగేరు అత్తా అంది, పిల్లకి వాడు అలాగే చెప్పేడు మరి. స్కానరు మీద పెట్టింది కనకరత్నమే. మూత వేసింది కనకరత్నమే. వంకర వస్తే మళ్లీ సరిగా పెట్టి, బావున్నావే అని బుగ్గ పుణికి, పంపేసింది. నెల తర్వాత అనుకుంటా, షాపులో ఎవరూ లేరు, శిరీష లేచి వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"అత్తా, ఒకసారి పంపిన ఫొటో వెనక్కి తెప్పించుకోవచ్చా?"

"రాదమ్మా. పంపేసింది పంపేసినట్టే."

అంతే మాట్లాడుకున్నారు. తను రిబ్బను మారుస్తోంది ప్రింటరుకి, వేళ్లకి నల్లగా అంటింది, తల ఎత్తను కూడా లేదు. ఏ ఫొటో అని అడగాలని తోచింది. నిజంగా తోచింది, ఇప్పుడు కల్పించుకుంటున్నది కాదు. తోచి, అడగడం మర్యాద కాదనుకుంది. చదివింది మర్చిపోవాల్సినదానికి, చదవనిది అడిగే హక్కెక్కడిది అనుకుంది. పిల్ల మెట్లు దిగుతున్న చప్పుడు ఇప్పటికీ వినపడుతుంది, మధ్యాహ్నం షాపులో ఎవరూ లేనప్పుడు, పధ్నాలుగు మెట్లు, పదకొండో మెట్టు మీద ఒక్క క్షణం ఆగుతుంది. ఎందుకు ఆగిందో. వెనక్కి పిలుస్తుందేమోనని ఆగిందేమో. ఆ మెట్టు దగ్గర ఇప్పుడు తను ఎక్కేటప్పుడు కూడా ఆగుతోంది, భీమరాజు కాళ్లనొప్పులా అని అడుగుతున్నాడు.

ముమ్మిడివరంలో బస్సు ఆగింది. జనం దిగేరు, ఎక్కేరు. సెల్‌ఫోను పిల్లల్లో ఒకత్తె దిగిపోయింది, రెండోది వచ్చి కనకరత్నం పక్క ఖాళీలో కూర్చుని మళ్లీ టకటక మొదలుపెట్టింది. కనకరత్నానికి నోరు ఆగలేదు. ఎవరికమ్మా అంత ఇదిగా రాస్తున్నావు అంది. పిల్ల చివాలున ఫోను తిప్పుకుంది. ఆహా, నేను చూడ్డం లేదమ్మా, ఎవరైనా నిన్ను భయపెడుతుంటే ఇంట్లో చెప్పుకో, లేకపోతే నాకు చెప్పు అంది, ఎవరో ముక్కూ మొహం తెలీని పిల్లతో, బస్సులో. పిల్ల ఆమెని ఎగాదిగా చూసి, మా అక్కకండీ అని, లేచి వెళ్లి డ్రైవరు వెనక నిలబడింది. సీటు ఉండగా నిలబడింది. పిచ్చిదాన్ననుకుంది కాబోలు. అడగాల్సిన చోట అడక్కుండా, ఇక్కడ అడుగుతోంది.

ఆ మధ్య అమలాపురంలో ఆడపిల్లల స్కూలు హెడ్మిస్ట్రెస్ సత్యప్రియగారు కబురుపెట్టేరు, తొమ్మిదీ పదీ పిల్లలకి ఇంటర్నెట్టు జాగ్రత్తల గురించి నాలుగు మాటలు చెప్పమని. కనకరత్నం కాగితం మీద రాసుకుని మరీ వెళ్లింది. పాస్‌వర్డు స్నేహితురాలికైనా చెప్పకండి. ఇంటి నంబరు, స్కూలు పేరు రాయకండి. మొహం చూడనివాళ్లకి ఫొటో పంపకండి, వాళ్లు బాబాయన్నా మావయ్యన్నా సరే. ఎవరైనా ఈ సంగతి ఇంట్లో చెప్పొద్దు అన్నారంటే ముందు అదే ఇంట్లో చెప్పండి. బెదిరించిన మాటలు చెరిపెయ్యకండి, దాచండి, అవే రేపు పోలీసుల దగ్గర పనికొస్తాయి. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. చివరి బెంచీలోంచి ఒక బక్కపిల్ల లేచింది. చెబితే తిట్టరాండీ అంది. క్లాసంతా నవ్వేరు. సత్యప్రియగారు కూడా నవ్వేరు. కనకరత్నం మాత్రం ఆ పిల్లనే చూస్తూ నిలబడిపోయింది. ఇన్ని జాగ్రత్తలు రాసుకొచ్చిందే, అన్నిటికీ అడుగున ఉన్నది ఆ పిల్ల అడిగిన మాటే. తిడతారు. తిట్టరని ఎలా చెప్పడం. కాలేజీ మాన్పిస్తారు, మాట్లాడ్డం మానేస్తారు. చెప్పకుండానే బయటపడితే ఇంకా నయం అనుకునేలా చేస్తారు. పెద్దవాళ్లకి చెప్పండి అని పిల్లలకి నేర్పించేముందు, వినడం ఎలాగో పెద్దవాళ్లకెవరు నేర్పిస్తారు? ఆ పిల్లకి తిట్టరమ్మా అని ఒక మెత్తటి అబద్ధం చెప్పి వచ్చేసింది. అలవాటే కదా.

సత్తిబాబు ఆగస్టులో వచ్చేడు. ఆ రాసిపెట్టేవాడు ఓణీ ఫొటోకి చెయ్యకూడని పనులు చేసి గదిలో నలుగురికి చూపించేడట, చూసినవాళ్లలో ఒకడు ఇది సత్తిబాబు కూతురురా అన్నాడట. కొట్లాట అయింది. వాణ్ణి ఎక్కడికో మార్చేసేరు, ఇతను సెలవు పెట్టుకుని వచ్చేడు. ఇంట్లో కూతురిని ఏమీ అడగలేదు. సరాసరి షాపుకొచ్చి, పాస్‌వర్డు రాసిన చీటీ కనకరత్నం చేతిలో పెట్టి, స్టూలు మీద కూర్చుని రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. నా పేరు మీద ఏం రాసేడో చదవండి అన్నాడు. ఉత్తరం వినేటప్పుడు ఎలా కూర్చునేవాడో అలాగే. ఆమె చదవడం మొదలుపెట్టింది, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. మొదటివన్నీ బాగానే నడిచేయి. తర్వాత వాడి మాటలు మారేయి. ఆమె కళ్ల ముందు ఆ వరుసలున్నాయి, పక్కన తండ్రి ఉన్నాడు, అతని చేతివేళ్లు మోకాలి మీద బిగుసుకుంటున్నాయి, గుండెలో నొప్పంటున్నాడని నూకాలమ్మ అప్పుడెప్పుడో అంది. గొంతు తడబడలేదు. వాడు రాసిన బెదిరింపులు దాటేసింది. ఫొటో నీ వీధిలో పంచుతానన్నది దాటేసింది. బాబాయి అనకు, ఇష్టమని రాయి, రాయకపోతే చూడు అన్నది దాటేసింది. పిల్ల రాసినవి చదివింది, వాటిల్లో బూతు లేదు కదా, చదివితే ఏముంది అనుకుంది. సరే, ఇష్టం. రేపు వస్తాను. ఎవరికీ చెప్పను.

చదువుతుంటే తనకే అనుమానం రావద్దూ? రాలేదు. గొంతు అంత సాఫీగా నడిచింది. సత్తిబాబు ఒక్కటే అడిగేడు, ఆ మాట మా అమ్మాయే రాసిందాండీ అని. ఆయ్, రాసిందండి అంది, నిజమే కదా. చాలండి అని లేచేడు. ఆ చాలండి అన్నది బాధతో అన్నాడనుకుంది, మిగిలినవి వినకుండా తప్పించినందుకు లోలోపల కాస్త తృప్తి కూడా పడింది.

నిన్న మధ్యాహ్నం నూకాలమ్మ వచ్చింది. ఆయన ప్రయాణానికి సామాన్లు కొనడానికి వచ్చేనండి అంటూ కూర్చుంది. పిల్ల ఎలా ఉందంటే, ఏం చెప్పనండి, తిండి లేదు, అడిగితే ఒకటే మాట అంటోందండి అంది. ఏమంటోందంటే చెప్పింది. అత్త నాన్నకి మొత్తం చదివి వినిపించింది కదమ్మా, వాడు నన్నెంత ఏడిపించేడో నాన్న అంతా విన్నారు, అంతా విన్నాక కూడా నాతో మాట్లాడ్డం లేదంటే నిజంగానే నాది తప్పన్నమాట. కనకరత్నం చేతిలో గ్లాసు కింద పెట్టింది. అన్నీ విన్నాడనుకుంటోంది. రెండు నెలలుగా ఆ మూలగదిలో ఆ పిల్ల తండ్రి విన్న మాటలేవో తనకి తెలుసనుకుని, వాటన్నిటి తర్వాత కూడా తనని వదిలేశాడనుకుని బతుకుతోంది. తండ్రేమో కూతురు ఇష్టపడి రాసిందనుకుని నోరు మూసుకున్నాడు. ఇద్దరికీ మధ్య తన గొంతు ఉంది. వాడు చేసింది వాడు చేసేడు, ఇప్పుడు ఇంకే గదిలోనో ఇంకెవరికో రాసిపెడుతూనే ఉంటాడు, ఆశీస్సులు అని అడుగున పెడుతూ. కానీ పిల్లని మూలగదిలో పెట్టి తలుపు వేసింది వాడు కాదు.

చెయ్యేరు దాటేక రెండువైపులా రొయ్యల చెరువులు, నీళ్లు చిమ్మే చక్రాల రొద. కనకరత్నం సంచిలోంచి కాగితాలు తీసి ఒకసారి మనసులో చదువుకుందామనుకుంది, తొమ్మిదో పేజీలో ఒక వరుస ఉంది, అది బయటికి చదవగలనో లేదో చూసుకుందామనుకుంది. పెదవులు కదిపింది. ఆ వరుస దగ్గరికి వచ్చేసరికి కన్ను దానంతటదే కింది వరుస మీదికి జారిపోయింది. మళ్లీ పైకి తెచ్చింది. మళ్లీ జారింది. ముప్పై ఏళ్ల అలవాటు, ఆమె మాట వినడం లేదు. పోనీ సత్యప్రియగారి చేత చదివిస్తే? చక్కగా చదువుతారు. కానీ ఇది తను దాటేసింది, తనే వెనక్కి వెళ్లి చదవాలి. దిగాలమ్మా కాట్రేనికోన అని కండక్టరు అరిచేవరకూ ఆ ఒక్క వరుస మీదే వేలు పెట్టుకుని కూర్చుంది.

సత్తిబాబు తాటాకు పందిరి కింద అట్టపెట్టెకి తాడు బిగిస్తున్నాడు. రండి రత్నంగారూ అన్నాడు, కూర్చోమని కుర్చీ చూపించేడు, మొహం చూడలేదు. లోపల మూలగది తలుపు సగం తెరిచి ఉంది, మంచం కోడు తప్ప ఏమీ కనపడ్డం లేదు. కనకరత్నం కూర్చోలేదు. కూర్చుంటే ముందు కులాసాలు అడగాలి, కులాసాలు అడిగితే మాట మెత్తబడుతుంది.

"ఆ రోజు నేను మీకు అన్నీ చదవలేదండి. వాడు బెదిరించి రాయించుకున్నాడండి అమ్మాయి చేత. వాడి మాటలు దాటేసి, అమ్మాయి మాటలే చదివేను."

సత్తిబాబు చేతిలో తాడు ఆగింది. "ఎందుకండి?"

"మీరు తట్టుకోలేరనుకున్నానండి."

తిడతాడనుకుంది. తిడితే బావుండునని కూడా అనుకుంది. పదేళ్ల కిందట నమస్కారం పెట్టిన చేతులు అట్టపెట్టె మీద అలాగే ఉండిపోయాయి. తల్లి మోకాలి నొప్పి తగ్గిందని విన్న ఆర్నెల్లూ అతనికీ గుర్తొస్తున్నాయో ఏమో ఆమెకి తెలీలేదు. చివరికి అట్టపెట్టె పక్కకి నెట్టి నేల మీద చతికిలబడి, చదవండి అన్నాడు. నూకాలమ్మ చేతిలో చేటతో గుమ్మంలో నిలబడిపోయింది.

చదివింది. తారీఖులతో సహా చదివింది. బాబాయి ఆశీస్సులు చదివింది, లెక్కలు చదివింది, ఫొటో చదివింది, ఆ ఫొటో నేనే పంపించేనండి అని మధ్యలో ఆగి చెప్పింది. వాడి మొదటి బెదిరింపు వచ్చినప్పుడూ ఆగలేదు. సత్తిబాబు తల ఒక్కొక్క పేజీకీ ఇంకాస్త కిందికి వంగుతోంది. ఎనిమిదో పేజీ తిప్పింది. తొమ్మిదో పేజీలో వాడు, రేపు వస్తావా రావా అన్నాడు, చదివింది. శిరీష, రేపు పరీక్ష ఉంది, రాలేను అంది, చదివింది. తర్వాత శిరీష, సరే వస్తాను అంది, అదీ చదివింది. చదివేసి, అలాగే ముందుకి పోతోంది.

"ఆ మధ్యలో ఇంకోటుంది అత్తా."

మూలగదిలోంచి. పెద్దగా కూడా అనలేదు. తలుపు వెనక నుంచి ఆ గొంతే, పాఠం అప్పజెప్పినట్టు నిదానంగా చెప్పింది.

"రేపు నాలుగింటికి రాకపోతే ఈ ఫొటో మీ నాన్న మంచం పక్క గోడకి అంటిస్తాను. పనిలోంచి రాగానే మొదట ఆయనే చూస్తాడు. దాని తర్వాత నేను సరే వస్తానన్నాను."

చేట కింద పడింది. సత్తిబాబు లేచేడు. లేచి, ఎటు వెళ్లాలో తెలీనట్టు ఒక్క క్షణం నిలబడి, వెళ్లి మూలగది గుమ్మం బయట, తలుపుకి వీపు ఆనించి, నేల మీద కూర్చున్నాడు. లోపలికి చూడలేదు. చూస్తే పిల్ల ఆగిపోతుందనుకున్నాడేమో.

"నువ్వే చెప్పమ్మా," అన్నాడు. "మొదట్నించీ నువ్వే చెప్పు."

లోపల శిరీష మొదలుపెట్టింది. మొదటి శుక్రవారం నుంచి. ఎవరూ కనకరత్నాన్ని కూర్చోమనలేదు, వెళ్లమనలేదు. ఆమె పందిరి కింద అలాగే నిలబడి, కాగితాలు మళ్లీ మొదటికి తిప్పి, పిల్ల చెబుతున్న మాటల వెంట వేలు కదుపుతూ పోయింది. ముప్పై ఒక్క పేజీల్లో పిల్ల ఒక్క మాట తప్పలేదు.